పని సాగదీసేవాళ్లతో ఎలా మెలగాలి? నా అనుభవం

ఆటోనగర్‌లో పాతిక మంది ఉన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డుకి కొత్తగా సూపర్‌వైజర్ అయ్యారని, కొందరు ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారని, గట్టిగా అంటే మొహం మాడ్చుకుంటున్నారని, మెత్తగా చెబితే లెక్కచేయట్లేదని రాశారు. నేనూ గాజువాకలో పదేళ్లు ఇదే పని చేశాను. మీ టెన్షన్ నాకు తెలుసు.

ముందు అరుపులు ఆపండి. నలుగురిలో పడిన మాట మనిషి మర్చిపోడు. మా దగ్గర ఒక వెల్డర్ రోజూ మధ్యాహ్నం నుంచి పని సాగదీసేవాడు. పక్కకు పిలిచి, టీ ఇచ్చి అడిగితే తెలిసింది, అతను నిలబడే చోట ఫ్యాన్ గాలే తగలదని. మే నెల ఉక్కపోత, పైన రేకులు, చేతులకు తోలు గ్లౌజులు! టేబుల్ జరిపించాం, మజ్జిగ పెట్టించాం. వారంలో మనిషి మారాడు.

అందరూ అలా మారరు. "బాగా చేయండి" అంటే సరిపోదు. "బాబాయ్, ఈ నాలుగు ఫ్రేములూ భోజనాల లోపు గ్రైండింగ్ అయిపోవాలి" అని పొద్దున్నే చెప్పండి, ఆ టైముకి వెళ్లి చూడండి. ఆ చూడటమే ముఖ్యం. పని పూర్తి కాకపోతే కారణం అడగండి, వాళ్ల పని మాత్రం మీరు చేసిపెట్టకండి. పని టైములో ఫోన్ వద్దని రూల్ పెడితే, అది మీకూ వర్తించాలి.

ఇంకోటి, ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు గంటల పని) డబ్బులు సరిగ్గా అందుతున్నాయా? ఫ్యాక్టరీల్లో ఓటీకి రెట్టింపు రేటు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అది ఎగ్గొట్టి ఉత్సాహం ఆశించడం అన్యాయం. ఓనర్‌తో ఆ మాట మీరే మాట్లాడండి. ఎన్నిసార్లు చెప్పినా మారనివాళ్లకు మెమో ఇవ్వండి, ఇచ్చేటప్పుడు కూడా "మీరు" అనే పిలవండి.