1807 లార్జ్ సెంట్‌లో 7 కింద 6 ఉందా? ముందు ఆ అంకెను వదిలేయండి

"1807 అమెరికన్ లార్జ్ సెంట్ కొన్నాను, 7 పక్కన చిన్న వంపు కనిపిస్తోంది, ఇది 7/6 ఓవర్‌డేటేనా?" అని అడిగారు. సరిగ్గా ఈ 1807 లార్జ్ సెంట్ (అప్పటి పెద్ద రాగి ఒక సెంటు నాణెం) దగ్గరే నేను ఒకసారి బోల్తా పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

మొదట ఆ వంపు పైకి ఉబ్బి ఉందా, లోపలికి దిగి ఉందా చూడండి. అప్పట్లో ఫిలడెల్ఫియా టంకశాలలో ఉక్కు డై (నాణేలు కొట్టే అచ్చు) మీద సంవత్సరం అంకెలను ఒక్కొక్కటిగా పంచ్‌తో కొట్టేవారు. డై చేయడం పెద్ద పని. అందుకే 1806 అని కొట్టినది పారేయకుండా, ఆ 6 మీదే 7 కొట్టి వాడేశారు. 7/6 ఓవర్‌డేట్ అంటే అదే. డైలో గుంటగా ఉన్నది నాణెం మీద ఉబ్బుగా పడుతుంది. అంటే కింద దాగిన 6 కూడా ఉబ్బుగానే ఉండాలి, దాని పొట్ట 7 కాలి దగ్గర ఉండాల్సిన చోటే ఉండాలి. లోపలికి దిగి ఉంటే అది గీతో, దెబ్బో, చిలుము తిన్న గుంటో.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. గదిలో లైట్లు ఆపేసి, ఒక్క టేబుల్ లైట్ పక్క నుంచి వాలుగా పడేలా పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పండి. ఉబ్బు అయితే నీడ లైట్‌కు అవతలి వైపు పడుతుంది. గుంట అయితే లైట్ వైపు అంచే చీకటిగా ఉంటుంది. ఫోన్ ఫ్లాష్ వేశారో, ఈ తేడా మొత్తం పోతుంది.

ఇక నా కథ. కొన్నేళ్ల కిందట న్యూజెర్సీలో ఒక నాణేల షోలో, కవర్ మీద 7/6 అని రాసి ఉన్న 1807 కొన్నాను. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే 7 పక్కన వంపు అంతా గట్టిపడిన చిలుమే. ఉబ్బుగా ఉంది కదా అని మోసపోయాను, అది 6 ఆకారంలో ఉందా అని చూడనే లేదు. పైగా నాణెం మీది బొమ్మ తల వెనక పొడుగాటి గీత. ఎవరో గీకేశారు, డబ్బులు పోయాయనుకుని రెండు నెలలు డ్రాయర్‌లో పడేశాను.

ఒక ఆదివారం, పోనీ షెల్డన్ నంబర్ (పాత సెంట్లలో ఒక్కో డై జతకు ఇచ్చిన కేటలాగ్ నంబర్) ఏంటో చూద్దామని తీశాను. 1807కి ఆరు రకాలు, ఎస్-271 నుంచి 276 వరకు. ఓవర్‌డేట్లు అందులో రెండే: 272లో చిన్న 7, 273లో పెద్ద 7. చిన్న 7 చాలా అరుదు, మామూలుగా దొరికేది పెద్దదే. అంకెను వదిలేసి, ముందు వైపు అక్షరాలు ఎక్కడున్నాయి, వెనక వైపు 1/100 (డాలర్‌లో నూరో వంతు అనే గుర్తు) ఎంత సైజులో ఉంది, ఆకుల కొనలు ఏ అక్షరం కింద ఆగాయి అని ఒక్కొక్కటే ఫొటోలతో పోల్చాను. 272, 273 రెండూ కాదని తేలింది. అప్పుడు తల వెనక గీత మీద లైట్ వేస్తే అది ఉబ్బుగా ఉంది! గీకింది కాదు, డై దెబ్బతిన్న చోటు. ఎస్-271, కామెట్ (తోకచుక్క) రకం. (1807లో ఆకాశంలో నిజంగానే పెద్ద తోకచుక్క కనిపించింది. కానీ ఈ పేరు ఆకారాన్ని బట్టి పెట్టిందే.)

మీరూ అంతే చేయండి. ఒకే డైతో కొట్టిన నాణేలన్నిటిలో అక్షరాలు, ఆకులు ఒకే చోట ఉంటాయి. ముందు, వెనక రెండు వైపులా అవి 272కో 273కో కలిస్తే, అంకె అరిగిపోయినా అది ఓవర్‌డేటే. కలవకపోతే వంపు ఎంత అందంగా ఉన్నా కాదు. షెల్డన్ నంబర్లు 1814 వరకే పనికొస్తాయి, 1816 నుంచి అలాంటివే న్యూకోంబ్ నంబర్లు చూడాలి. 1815 తేదీతో సెంట్లే లేవు. 1844, 1851లలో కథ వేరు: అక్కడ పంచ్‌ను తలకిందులుగా కొట్టి, తర్వాత సరిచేసి కొట్టిన నాణేలున్నాయి.

ముందు, వెనక రెండు వైపులా వాలు వెలుతురులో తీసిన ఫొటోలు పెట్టండి, చూసి చెబుతాను. ఈలోగా దయచేసి నాణేన్ని తోమకండి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చూపిస్తే, "రాగిది ఇంత నల్లగా ఉంచుకుంటారేంట్రా" అని చింతపండు నానబెట్టడానికి లేచింది. వెంటపడి చేతిలోంచి లాక్కున్నాను.