బెజవాడ ఎండ వేరు, జైసల్మేర్ ఎండ వేరు

ప్రశ్న: పిల్లలకు సెలవులు మేలోనే. ఎడారి చూడాలని మావారి పట్టు. బెజవాడ ఎండలు చూసినవాళ్ళం, జైసల్మేర్ మాకో లెక్కా అంటారాయన. మీరు వెళ్ళొచ్చారు కదా, నిజమేనా? అసలక్కడ ఇసుక తప్ప ఏముంది?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీవారి ధీమా అక్కడ పనికిరాదమ్మా. మన దగ్గర చెమట పట్టి చొక్కా ఒంటికి అంటుకోగానే నీడ వెతుక్కుంటాం. జైసల్మేర్ ఉన్న థార్ ఎడారిలో గాలికి తేమ ఉండదు, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉంటే ఎండ ఫరవాలేదనిపిస్తుంది. నేను వెళ్ళింది ఏప్రిల్లో. మధ్యాహ్నం చొక్కా విప్పి చూస్తే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు! ఒళ్ళు తడవదు కాబట్టి ఒంట్లో నీళ్ళు ఎంత పోయాయో చెమటను బట్టి తెలియదు. అందుకే దాహం వేసినా వేయకపోయినా తాగుతూనే ఉండాలి, ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవాలి. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్ళే రైలు దారిలోనే ఫలోది ఊరు వస్తుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. మే అంటే అదీ సంగతి.

ఇక ఇసుక. సినిమాల్లో చూపించే తిన్నెలు కొన్నిచోట్లే ఉంటాయి. రైలు కిటికీలోంచి ఎక్కువగా కనిపించేది రాళ్ళ నేల, ముళ్ళ పొదలు, మన జిల్లేడు, మన జమ్మి. అవును, దసరాకు పూజించే జమ్మే. అక్కడ ఖేజ్‌డీ అంటారు. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఇదే. మనం ఆకును బంగారమని పంచుకుంటాం గానీ కాయ జోలికి పోయేవాళ్ళు తక్కువ. అక్కడివాళ్ళు ఆకు మేకలకు వేసి, లేత కాయలు ఎండబెట్టి దాచుకుంటారు. వాటినే సాంగ్రీ అంటారు. కేర్ అనే చిన్న కాయలు కలిపి నూనె, ఎండుమిరప, ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి)తో వండుతారు. సజ్జ రొట్టెలోకి పుల్లపుల్లగా భలే ఉంటుంది, నేనైతే రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను. ఈ చెట్లను నరకనివ్వకుండా 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో చెట్లను, జంతువులను కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

జైసల్మేర్ దగ్గర కుల్‌ధరా అనే పాడుబడ్డ ఊరికి తీసుకెళ్ళి గైడ్లు దయ్యాల కథలు చెబుతారు. పిల్లలకు సరదా, నాకు విసుగు. మీరు ఖడీన్ అనే అక్కడి పాత సేద్యం గురించి అడగండి. వాలు మీద పడ్డ వాననీటిని పల్లంలో మట్టికట్టతో ఆపుతారు. నీళ్ళు ఇంకాక ఆ తడి మీదే గోధుమ, శనగ వేస్తారు. ఏడాదికి 20 సెంటీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేనిచోట, ఆ ఊళ్ళో బతికిన పాలీవాల్ బ్రాహ్మణులు ఈ సేద్యానికి పేరుపడ్డవాళ్ళు. ఆ ఊరి అసలు కథ నాకదే అనిపించింది.

తిన్నెల కోసం అందరూ జైసల్మేర్ దగ్గర సమ్ అనే ఊరికి వెళతారు. నేనున్న రాత్రి పక్క టెంట్ల డీజే మోతకు నిద్రే లేదు. తిన్నెలున్న మరో ఊరు ఖూరీ కాస్త నయం. ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళు లేపుతుంది, మనం ముందుకు తూలిపోతాం. అప్పుడు వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకోమని పిల్లలకు ముందే చెప్పండి. జైసల్మేర్ కోటకు ఒక పూట చాలదు. 1156లో కట్టడం మొదలైనా ఇప్పటికీ లోపల కాపురాలున్నాయి, ఇళ్ళ మధ్య సందుల్లో తిరగాల్సిందే.

మే మాత్రం వద్దు. సంక్రాంతి సెలవులకు వెళ్ళండి. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి స్వెటర్లు కావాలి. పండక్కి ఇంట్లో ఉండకపోతే అత్తగారు ఏమంటారో, అది మీరూ మీరూ చూసుకోండి.