స్లిప్పుల బల్ల దగ్గర ఖాళీ కుర్చీ

చిక్కడపల్లి, హైదరాబాద్

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి అందింది. 312 పేజీలూ చదివాను, కొన్ని రెండోసారి కూడా. పది రోజులుగా మా భోజనాల బల్ల మీద సగం చోటు దానిదే. నచ్చిన చోట పెన్సిలుతో టిక్కు పెట్టాను. నచ్చని చోట ఏం రాశానో నువ్వే చూస్తావు. కోపం వస్తుంది. రానీ. నాలుగు రోజులు ఆగి మళ్లీ తీసి చూడు.

ముందు ఒక చిన్న సంగతి. మొదటి అధ్యాయంలోనే ‘కుంభకోణం’ అన్న మాట పదకొండు సార్లు వాడావు. తమిళనాడులో గుళ్లకూ తమలపాకులకూ పేరుపడ్డ ఊరు, పాపం, మన భాషలో మోసానికి మారుపేరై కూర్చుంది. మన పత్రికలు ఆ ఊళ్లో ఎవరూ చదవకపోవడం మన అదృష్టం. ఆ మాటను ఒక్కసారి వాడు, అదీ ఏదో ఒక పాత్ర నోట. పదకొండోసారికి దానికి పదును ఉండదు.

ఇక అసలు విషయం. నీ మంత్రి మొదటి పేజీలో దొంగ, 312వ పేజీలోనూ అదే దొంగ. మధ్యలో జరిగిందల్లా సొమ్ము పెరగడం. నలభై కోట్లు, నాలుగు వందల కోట్లు, నాలుగు వేల కోట్లు. చదివేవాడికి నాలుగు వందల కోట్లకూ నాలుగు వేల కోట్లకూ తేడా తెలుస్తుందనుకుంటున్నావా? నాకైతే తెలియదు. నా పింఛనులో రెండు వేలు తగ్గితే తెలుస్తుంది.

2010 నవంబరులో వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక గుర్తుందో లేదో, నువ్వు అప్పటికి బడిలో ఉండి ఉంటావు. 2జీ స్పెక్ట్రం (మొబైల్ ఫోన్లకు వాడే తరంగాలు) కేటాయింపుల వల్ల ఖజానాకు 1.76 లక్షల కోట్ల రూపాయల దాకా నష్టం వచ్చి ఉండవచ్చని అందులో లెక్కగట్టారు. అది అంచనా నష్టం. ఎవరి బీరువాలోనో దొరికిన సొమ్ము కాదు. వీధిలో ఆ తేడా ఎవరికీ పట్టలేదు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేసింది. 2014లో కాంగ్రెస్ 44 లోక్‌సభ స్థానాలకు పడిపోయింది. 2017 డిసెంబరు 21న ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది. సీబీఐ అప్పీలుకు వెళ్లింది. కేటాయింపు తీరు చట్టవిరుద్ధమన్నది ఒక తీర్పు, నేరం రుజువు కాలేదన్నది ఇంకొక తీర్పు. ఇప్పుడు చెప్పు, ఈ కథను నువ్వైతే ఏ సంవత్సరంలో ముగిస్తావు? 2014లో ముగిస్తే ఒక కథ, 2017లో ముగిస్తే దానికి పూర్తిగా ఎదురు కథ. నీ నవలలో మంత్రి అరెస్టయ్యాడు, ప్రభుత్వం పడిపోయింది, జనం టపాసులు కాల్చారు. అరెస్టు సాయంత్రం, టపాసులు ఆ రాత్రే. అంత తొందర ఎందుకమ్మా?

ఆరోపణ వచ్చింది కాబట్టి ప్రభుత్వం పడిపోతుందన్న నమ్మకం నాకూ ఉండేది, 1989 నవంబరులో ఒక రాత్రి వరకు. అప్పుడు ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. 1987 ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో బోఫోర్స్ వార్త (కాంగ్రెస్ ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి ఫిరంగులు కొనడంలో ముడుపుల సంగతి) బయటపెట్టిన నాటి నుంచి పత్రికలకు అదే అన్నం, అదే కూర. 410 ఫిరంగులు, 64 కోట్ల ముడుపులు. ఆ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. ఓట్ల లెక్కింపు రోజు నేను సాయంత్రమే శీర్షిక తయారు చేసి పెట్టుకున్నాను: ‘ముడుపుల పార్టీ మట్టికరిచింది’. ఎంత మురిసిపోయానో! రెండు మకారాలు పడ్డాయి మరి. ఉత్తరాది నుంచి వస్తున్న ఫలితాలు కూడా నా శీర్షిక వైపే ఉన్నాయి. 1984లో నాలుగు వందలకు పైగా గెలిచిన కాంగ్రెస్ చివరికి 197 దగ్గర ఆగింది.

తీరా మన రాష్ట్రం ఫలితాలు రావడం మొదలైతే, 42 లోక్‌సభ స్థానాల్లో 39 కాంగ్రెస్‌వే. శాసనసభలోనూ వాళ్లదే గెలుపు. తెలుగుదేశానికి దక్కింది 294లో 74. బోఫోర్స్ మీద దేశమంతా తిరిగిన ప్రతిపక్షాల కూటమి నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు ఎవరనుకున్నావు? ఎన్టీ రామారావే. ఆ ఫ్రంట్ ఢిల్లీలో గద్దెనెక్కుతుంటే ఆయన ఇక్కడ గద్దె దిగారు. హిందూపురంలో గెలిచారు గానీ కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయారు. మా చీఫ్ సబ్ నా కాగితం చేతిలోకి తీసుకుని, కళ్లద్దాల పైనుంచి చూసి, “ఇది బాగుంది, లక్నోకు పంపించు” అన్నారు. ఇంకో శీర్షిక ఆయనే రాసుకున్నారు. అందులో ప్రాస లేదు.

ఎందుకలా జరిగిందని చాలా కాలం బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఢిల్లీలో పాలక పార్టీ ఇక్కడ ప్రతిపక్షం. ఇక్కడి పాలక పార్టీ మీద జనానికి వేరే లెక్కలు ఉన్నాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే బడ్జెట్ వివరాలు బయటికి పొక్కాయన్న కారణంతో ముఖ్యమంత్రి మంత్రులందరినీ ఒక్క దెబ్బతో తొలగించారు. మంత్రివర్గం మొత్తాన్ని! ఒకరిని తీసేస్తే ఆ ఒక్కడూ తప్పు చేశాడనుకుంటారు. అందరినీ తీసేస్తే ఇంతకాలం ఈయన ఏం చూస్తున్నట్టు అనుకుంటారు. ఎక్కడో స్వీడన్‌లో చేతులు మారిన సొమ్ము కన్నా సచివాలయం చుట్టూ తిరిగి అరిగిన చెప్పు ఎక్కువ గుర్తుంటుంది.

అయితే ఆరోపణ వల్ల పార్టీకి ఏమీ కాదా? అవుతుంది. నువ్వు చూసిన చోట కాదు. నీ నవలలో మంత్రి ఉన్నాడు, ప్రతిపక్ష నాయకుడు ఉన్నాడు, విలేఖరి ఉన్నాడు (ఆ విలేఖరి మరీ మంచివాడు, అటువంటివాడు మా ఆఫీసులో ఎప్పుడూ పనిచేయలేదు). లేనివాడు ఒకడున్నాడు. ఆ పార్టీని వీధిలో సమర్థించేవాడు.

నారాయణగూడలో మేం కూర్చునే ఇరానీ హోటల్‌లో అటువంటివాడు ఒకాయన ఉండేవాడు. పాలక పార్టీ గల్లీ నాయకుడు. పదవి లేదు, పైసా సంపాదన లేదు, ఉన్నదల్లా నోరు. ఎవరేమన్నా ఆయన దగ్గర జవాబు ఉండేది. మొదట “అబద్ధం” అనేవాడు. కాగితాలు బయటికొస్తే “ప్రతిపక్షాల కుట్ర” అనేవాడు. ఇంకా పెరిగితే “వాళ్ల హయాంలో జరగలేదా?” అనేవాడు. మరీ ఊపిరాడకపోతే “చట్టం తన పని తాను చేసుకుపోతుంది” అనేవాడు. ఈ నాలుగు మెట్లూ అన్ని పార్టీలకూ ఒకటే. జెండా రంగు మారుతుంది, మెట్లు మారవు. చివరి మాట వినపడిందంటే సొంతవాళ్లే ఒక అడుగు పక్కకు జరిగారని అర్థం.

1992లో ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల వ్యవహారం వచ్చింది. హైకోర్టు తీర్పు ప్రభుత్వానికి ఎదురు తిరగడంతో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి అక్టోబరులో పదవి నుంచి తప్పుకున్నారు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా బల్ల దగ్గర ఎవరో నవ్వుతూ, “అన్నా, మెడిసిన్ సీటు ఎంత పలుకుతోంది?” అని అడిగారు. ఆ గల్లీ నాయకుడి కూతురు ఆ ఏడాదే ఎంసెట్ రాసింది. కొద్దిలో సీటు పోయింది. డబ్బు కట్టి చదివించే స్తోమత లేదు. అది అడిగినవాడికి తెలియదు, నాకు తెలుసు. ఆయన సాసర్‌లో పోసుకున్న చాయ్ తాగలేదు. కప్పులోకి తిరిగి వంచాడు, చుక్క కింద పడకుండా, చాలా నెమ్మదిగా. ఖాళీ సాసర్ కప్పు మీద బోర్లించాడు. గల్లా దగ్గరికెళ్లి అందరి చాయ్‌కీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

పార్టీ మారలేదు ఆయన. ఎదుటి పార్టీ మీటింగుకు వెళ్లలేదు, పత్రికలకు ఎక్కలేదు. 1994 డిసెంబరులో పోలింగ్ రోజున బూత్‌కు అవతల ఓటరు స్లిప్పులు రాసిచ్చే బల్ల దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అంతే. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 294లో 26 వచ్చాయి. కిలో రెండు రూపాయల బియ్యం ఉంది, మద్య నిషేధం హామీ ఉంది, కారణాలు చాలా ఉన్నాయి. నేను కాదనను. కానీ నాకు 26 అనగానే ఆ కుర్చీ గుర్తొస్తుంది.

ఆయన్ని నీకు ఇచ్చేస్తున్నాను, వాడుకో. నీ మంత్రి నియోజకవర్గంలో అటువంటివాడు ఉండే తీరతాడు.

ఇక మంత్రి సంగతి. ఆయన్ని నువ్వు ఒక్కసారీ సరిగ్గా మాట్లాడనివ్వలేదు. మాట్లాడిన రెండు చోట్లా వెకిలిగా నవ్వించావు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టంలో 8బి అని ఒక సెక్షన్ ఉంది. విచారణ వల్ల ఎవరి పరువుకు దెబ్బ తగలవచ్చో వారికి తమ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలంటుంది అది. నీ నవలకూ ఆ సెక్షన్ వర్తింపజెయ్. ఒక అధ్యాయం ఆయనకు ఇవ్వు. తాను చేసింది తప్పు కాదని, పార్టీ నడవాలంటే ఎన్నికల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందని ఆయన నిజంగా నమ్మి చెప్పాలి. చదువుతున్నవాడు అరనిమిషమైనా తల ఊపాలి. అది రాయడం నీకు కష్టంగా ఉంటుంది. ఆ అధ్యాయం ముందు రాయి.

మాటల దగ్గర కూడా జాగ్రత్త. 90వ పేజీలో ఎఫ్ఐఆర్ నమోదైన మర్నాడే నీ పత్రిక ఆయన్ని ‘దోషి’ అంటోంది. ఆరోపణ వచ్చినంత మాత్రాన నిందితుడు కాడు, నిందితుడైనంత మాత్రాన దోషి కాడు. ఒక్కోసారి దోషి అన్న మాట కూడా నిలవదు. పి.వి. నరసింహారావును ఎంపీల ముడుపుల కేసులో 2000లో ప్రత్యేక కోర్టు దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మొన్నటి మేడిగడ్డ చూడు, కాళేశ్వరం ప్రాజెక్టు బ్యారేజీ. 2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకులో కుంగుబాటు, నవంబరు 30న పోలింగ్, అప్పటి పాలక పార్టీ బీఆర్ఎస్ 39 స్థానాలతో ప్రతిపక్షంలోకి. దాని మీద విచారణ జరిపిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ నివేదిక ప్రభుత్వానికి అందింది మాత్రం 2025 జులై 31న. కుంగిన స్తంభాన్ని అందరూ చూశారు. ఎవరైనా ఏమైనా తిన్నారా అన్నది చూసే విషయం కాదు, రుజువు చేయాల్సిన విషయం. మొదటిది చూపించి రెండోది రాసేస్తే అది నవల కాదు, కరపత్రం. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని నీ లాయరు పాత్ర అంటాడు చూడు, ఆ వాక్యం కొట్టేశాను. ఏ లాయరూ అనడు.

140వ పేజీలో మంత్రి తన చేత్తో సూట్‌కేసు అందుకున్నాడు. మంత్రి ఫైలు మీద ‘మాట్లాడండి’ అని ఒక్క మాట రాసి పొట్టి సంతకం పెడతాడు. ఎవరితో, ఏం మాట్లాడాలో ఆ సంతకానికి కింద ఉన్నవాళ్లకు తెలుసు. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వలలో పడేది ఎక్కువగా వాళ్లే. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపుతారు. తీసుకున్నవాడి వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి, సీలు వేసి, చీటీ మీద మధ్యవర్తుల సంతకాలు తీసుకుంటారు. నేను కోర్టులో చూసిన సీసా ఒకటి ఏళ్ల తరబడి నడిచిన కేసుది. రంగు పూర్తిగా వెలిసిపోయి మామూలు నీళ్లలా ఉంది. చీటీ మీద సంతకాలు మాత్రం చెక్కుచెదరలేదు.

నాంపల్లి క్రిమినల్ కోర్టుల ప్రాంగణంలో ఏసీబీ కేసుల కోర్టు ఉంది. ఒక రోజు ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లు. పదిన్నరకల్లా వెనక బెంచీలో కూర్చో, ఫోను ఆపేయ్. కేసు పిలిచి వాయిదా వేస్తారు. విసుగొచ్చి లేచి రాకు. నిందితుడి వెంట ఎవరెవరు వచ్చారో చూడు. మొదటి వాయిదాకు ఎన్ని బండ్లు వచ్చేవి, ఆరో ఏడాదికి ఎంతమంది మిగిలారు అన్నది గేటు బయట చాయ్ అమ్మే అతన్ని అడుగు. అతని లెక్క తప్పదు.

రాతప్రతి మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. 140వ పేజీ మీద కాఫీ ఒలికింది, ఏమీ అనుకోకు. ఎలాగూ ఆ పేజీ మళ్లీ రాయాల్సిందే.

ఆశీస్సులతో,
మీ నాన్న పాత స్నేహితుడు