రెండు పొరల గ్లేజు మీద గీసిన డిజైన్ ఎందుకు చెడుతోంది?

ఒక విడత కాల్చిన మట్టి టైల్ మీద గ్లేజు (కాలిస్తే గాజులా మారే పూత) రెండు రంగుల్లో ఒకదాని మీద ఒకటి వేసి, కింది రంగు కనపడేలా పై పొరను సూదితో గీకి డిజైన్ గీస్తే అంచులు పెచ్చులుగా ఊడుతున్నాయి, మళ్లీ కాల్చాక గీతలు మూసుకుపోతున్నాయి, ఏం చేయాలని అడిగారు. ఈ రెండు పాట్లూ నేను పడ్డవే.

పెచ్చులూడటం ఆరడానికి సంబంధించిన సంగతి. పై పొర పూర్తిగా ఎండి సుద్దలా అయ్యాక గీస్తే సూదికంటే ముందే పగులు పరిగెడుతుంది. తడి మెరుపు పోయి, వేలికి అంటకుండా, ఇంకా చల్లగా తగులుతున్నప్పుడే గీయాలి. టైల్ నీళ్లు గబగబా పీల్చేస్తుంది కాబట్టి ఎండాకాలం మా ఇంట్లో ఆ అదను పావుగంట కూడా ఉండదు. అందుకే ఒక టైల్‌కి పై పొర వేసి, గీయడం అయ్యాకే రెండోది ముట్టుకుంటాను. గ్లేజులో కాస్త తుమ్మజిగురు నీళ్లు కలిపినా పొర గట్టిగా పట్టుకుంటుంది.

గీతలు మూసుకుపోవడమే అసలు తలనొప్పి. గ్లేజంటే కరిగే గాజే కదా, సన్న గీతకు అటూ ఇటూ ఉన్న అంచులు కరిగి కలిసిపోతాయి. పైగా విడిగా బుద్ధిగా నిలబడే రెండు గ్లేజులు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే, కలిసిన చోట ముందే కరిగి జారొచ్చు. మొదటిసారి తెల్ల గ్లేజు మీద కోబాల్ట్ నీలం వేసి ఆరు టైళ్ల మీద చేపలు గీశాను. పొలుసులకే ఆదివారమంతా పోయింది. కిల్న్ (కాల్చే బట్టీ) తెరిచి చూస్తే నీలం మరకలు, ఒక్కో మరకలో ఒక్కో తెల్లటి కన్ను. కన్ను ఒక్కటే వెడల్పుగా గీకాను మరి!

ఇప్పుడు సూది మానేసి, వెదురు పుల్ల కొనను ఉలిలా చెక్కి వాడుతున్నాను. గీత రెండు మిల్లీమీటర్లకు తగ్గనివ్వను. పై పొర పల్చగా వేస్తాను. జంట గ్లేజులను ముందు ఒక పెంకుముక్క మీద కాల్చి చూడకుండా టైల్ జోలికి పోను.

పొలుసుల్లాంటి సన్నపనే కావాలంటే గ్లేజు వదిలేయండి. ఇంకా కాల్చని పచ్చి టైల్ తోలులా గట్టిపడ్డప్పుడు రంగుమట్టి పూత వేసి గీయండి. మట్టి పూత గ్లేజులా కరిగి పారదు, గీత గీసినట్టే ఉంటుంది. ఇటలీవాళ్లు స్గ్రఫిటో అని పేరుపెట్టిన పని ఎక్కువగా ఇలా చేసేదే. కాల్చాక పైన పారదర్శక గ్లేజు వేసుకోవచ్చు.

గీకిన పొడిని మాత్రం నోటితో ఊదొద్దు. అందులో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. మాస్క్ పెట్టుకుని, టైల్‌ని తడిగుడ్డకు తగలకుండా దాని పైన బోర్లించి పట్టుకుని వెనక నుంచి మెల్లగా తట్టండి.