పెళ్లిరోజుకి బౌలింగ్: దండగా, కాదా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. పెళ్లయి నాలుగేళ్లు. ఇద్దరి జీతాలూ కలిపి 72 వేలు. వచ్చే నెల పెళ్లిరోజుకి ఎప్పుడూ వెళ్లే సినిమా, హోటల్ కాకుండా బౌలింగ్‌కి (మాల్‌లో బరువైన బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట) వెళ్దామని నా కోరిక. మావారేమో "ఆ డబ్బుతో నెల పాలు వస్తాయి" అంటున్నారు. ఆయన స్నేహితుడూ భార్యా కూడా మాతో వస్తామంటున్నారు. 4 వేల దాకా అవుతుందని అంచనా. క్రెడిట్ కార్డు మీద కట్టేయొచ్చా? దాని మీద ఇప్పటికే 38 వేల బాకీ ఉంది, నెలనెలా మినిమం డ్యూ (బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాం. 60 వేల ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని ముట్టుకోకూడదని ఆయన పట్టుదల.

జవాబు: వెళ్లండమ్మా, హాయిగా వెళ్లిరండి. కార్డు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్లండి.

ముందు మీవారి పాల లెక్కే చూద్దాం. మినిమం డ్యూ కట్టుకుంటూ పోతే మిగిలిన బాకీ మీద వడ్డీ పడుతూనే ఉంటుంది. మీ కార్డుకి నెలకు 3.5 శాతం అనుకుందాం. చాలా కార్డులకు అటూ ఇటూగా అంతే ఉంటుంది, మీ స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. 38 వేలకు 1,330 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తే దాదాపు 1,570. లీటరు 60 అనుకున్నా 26 లీటర్ల పాలు, నెలనెలా. బౌలింగ్ గురించి ఇంట్లో వాదన జరిగింది. దీని గురించి జరిగిందా?

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్తగా కార్డు గీకినదానికి 45 రోజులు, 50 రోజులు వడ్డీ లేని గడువు ఉండదు. గీకిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. మీ పెళ్లిరోజు బిల్లు కూడా ఆ 38 వేలలో కలిసిపోయి, వచ్చే పెళ్లిరోజుకి కూడా వడ్డీ కట్టిస్తుంది.

ఎఫ్‌డీ మీద మీవారికున్న మమకారం నాకు అర్థమవుతుంది. ఆపద కోసం దాచుకున్న డబ్బు అది. కానీ అది ఏడాదికి 6.5 శాతం తెస్తోందనుకుంటే, అందులో 38 వేల వాటాకు నెలకు వచ్చేది 200 పైచిలుకు. అంతే బాకీకి మీరు కడుతున్నది 1,570. ముందే తీసినందుకు బ్యాంకు వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోసుకున్నా సరే, ఎఫ్‌డీ తీసి కార్డు బాకీ మొత్తం ఒకేసారి తీర్చేయండి. కొన్ని బ్యాంకుల్లో కావాల్సినంత మేరకే తీసుకునే వీలుంటుంది, అడగండి. మిగిలే 22 వేలు ఆపదకే ఉంచండి. ఇన్నాళ్లూ కార్డుకి కట్టిన మినిమం డ్యూ డబ్బును ఇకపై రికరింగ్ డిపాజిట్‌కి మళ్లించండి. ఎఫ్‌డీ మళ్లీ పాత అంకెకు చేరేదాకా కార్డు జోలికి పోవద్దు.

ఇక బౌలింగ్. పెళ్లిరోజు ఏ వారం పడినా ఆట మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. శని, ఆదివారాల రేటు వేరు, రద్దీ వేరు. వెళ్లేముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: రేటు మనిషికి ఆట లెక్కనా, లేన్‌కి (బంతి దొర్లించే బాట) గంట లెక్కనా? చెప్పిన ధరలో పన్ను కలిసిందా? ఆటకోసం వాళ్లిచ్చే బూట్ల అద్దె అందులోనేనా? గంట లెక్కయితే నలుగురూ ఒకే లేన్ తీసుకోవడం లాభం. మనిషి లెక్కయితే స్నేహితులొచ్చినా మీకు తగ్గేదేమీ లేదు. ఇద్దరికి ఒక ఆట 20, 25 నిమిషాల్లో అయిపోతుంది. రెండు ఆటలు చాలు, మూడో ఆటకి చెయ్యి లాగుతుంది. పన్నుతో సహా ఆటకు 350 అనుకుంటే ఇద్దరికీ రెండేసి ఆటలు 1,400. తిండికి 800. జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీ దాకా బండి మీద వెళ్లొస్తే పెట్రోలు, పార్కింగ్ కలిపి 200. మొత్తం 2,400. దీన్ని ఈ నెల జీతం రోజునే పక్కన తీసిపెట్టండి.

తిండి మాల్ బయట తినండి, సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది. ఎక్కడ తిన్నా బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే తీసేయమని అడగొచ్చు. అది తప్పనిసరి కాదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మొహమాటపడక్కర్లేదు.

స్నేహితుల జంటతో మాట మాత్రం ముందే అనుకోండి, ఎవరి ఆట వారిదే అని. "ఈసారి మేం, వచ్చేసారి మీరు" అంటే ఆ వచ్చేసారి ఖరీదు ఎప్పుడూ ఎక్కువే. నన్నడిగితే, పెళ్లిరోజుకి ఇద్దరే వెళ్లండి. వాళ్లతో మరో రోజు వెళ్లొచ్చు.

ముందే డబ్బు వేసి ఆడుకునే అక్కడి గేమ్ కార్డులో డబ్బు వేయమంటే ఆటకు సరిపడా మాత్రమే వేయండి. మా పెళ్లిరోజుకి ఒక చోట "2 వేలు వేస్తే 300 అదనం" అన్నారని ఉత్సాహంగా వేశాను. ఆడింది 1,100కి. మిగిలింది వెనక్కి ఇవ్వరట, గడువు కూడా దాటిపోయింది. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది, డబ్బు సలహాకి నా దగ్గరికొచ్చే క్లయింట్లకు చూపించడానికి పనికొస్తోంది.

బంతి మీద ఉండే అంకె పౌండ్లలో బరువు. మీరు 8 తీసుకోండి, మీవారు 10 తీసుకోవచ్చు. ఆయన 16 ఎత్తి చూపిస్తానంటే ఆపండి, అది ఏడు కిలోల పైమాటే. చీర కాకుండా చుడీదార్ వేసుకోండి, సాక్సులు ఇంటి నుంచే తీసుకెళ్లండి. నేను వేసుకెళ్లిన సాక్సు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. బూట్లు ఇచ్చే కుర్రాడి ముందు పరువు పోతుందని కౌంటర్లో కొత్త జత కొన్నాను, బయట దొరికే ధరకి రెట్టింపు పెట్టి.