గ్యాస్ నొప్పి అని పంపేశారు, గుండెపోటుతో పోయారు: కేసు నిలబడుతుందా?

పాలకొల్లు దగ్గర మీ నాన్నగారు రాత్రిపూట గుండెల్లో మంటగా ఉందని నర్సింగ్‌హోమ్‌కి వెళ్తే గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారనీ, తెల్లారేసరికి ఇంట్లోనే పోయారనీ రాశారు. డాక్టరు మీద కేసు వెయ్యొచ్చా అని అడిగారు. వెయ్యొచ్చండి. నిలబడేదీ లేనిదీ మాత్రం ఆ రాత్రి కాగితాలే తేలుస్తాయి.

కోనసీమలో మా మావయ్యకీ ఇలాగే జరిగింది. కొబ్బరికాయల వ్యాపారం ఆయనది, షుగరు కూడా ఉంది. ఒకరోజు సాయంత్రం పొట్ట పైభాగంలో పట్టేసినట్టుందని కూర్చుండిపోయారు, చొక్కా చెమటతో తడిసిపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు చూసి, ఇక్కడ ఆగొద్దు, టౌనుకి తీసుకెళ్లండి అన్నారు. టౌన్లో ప్రైవేటు ఆసుపత్రి డ్యూటీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, గ్యాస్‌కి వాడే పాంటాప్ ఇంజెక్షన్ చేయించి ఇంటికి పంపేశారు. అర్ధరాత్రి నొప్పి మళ్లీ వచ్చింది. కాకినాడ తీసుకెళ్తే ఈసీజీ చూడగానే పెద్ద ఎటాక్ అన్నారు. మర్నాడు పోయారు. మా అత్తయ్య పేరు మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. కాగితాల పనంతా నేనే చూశాను కాబట్టి చెబుతున్నాను.

జబ్బు గుర్తించలేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కిందికి రాదు. అదే చదువు చదివిన మామూలు డాక్టరు ఆ పరిస్థితిలో తీసుకునే జాగ్రత్త ఈయన తీసుకున్నారా అనే చూస్తారు. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ కొలతనే ఖాయం చేసింది. నడివయసు దాటిన మనిషి, షుగరు, చెమటలు, పొట్ట పైన నొప్పి. అక్కడ ఈసీజీ తియ్యకపోతే ఆ డాక్టరు జవాబు చెప్పుకోవాల్సిందే. షుగరున్నవాళ్లకీ ఆడవాళ్లకీ గుండెపోటు ఛాతీ నొప్పిలా కాక అజీర్ణంలానో ఆయాసంలానో రావడం డాక్టర్లకు కొత్త విషయం కాదు.

ఈసీజీ తీశారు, నార్మల్ వచ్చింది అంటే కేసు కష్టమే, కానీ అక్కడితో అయిపోదు. గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగానే ఉండొచ్చు. గుండె కండరం దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్షలో తేడా కనపడ్డానికి కూడా కొన్ని గంటలు పడుతుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు మనిషిని ఉంచుకుని రెండూ మళ్లీ చేస్తారు. ఉంచారా, పంపేశారా అన్నది అడగాలి.

మా కేసులో ఆసుపత్రి వాళ్లు ఈసీజీ తీశాం, బాగానే ఉంది, కాగితం మీకే ఇచ్చేశాం అన్నారు. మా దగ్గరున్న బిల్లులో ఓపీ ఫీజు, ఇంజెక్షన్, సిరంజి ఉన్నాయి. సిరంజికి కూడా డబ్బు కట్టించుకున్నవాళ్లు ఈసీజీకి పైసా వెయ్యలేదు. పైగా ఓపీ చీటీ మీద ఆ డాక్టరు చేత్తోనే షుగరు ఉందనీ చెమటలు పడుతున్నాయనీ రాసి ఉంది, దాని కిందే గ్యాస్ మందు. కమిషన్ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

తర్వాత వాళ్ల లాయరు, ఈసీజీ తీసినా బతికేవారని ఏమిటి నమ్మకం అని అడిగారు. ఇదే అసలు గట్టి ప్రశ్న. నొప్పి మొదలైన పన్నెండు గంటల్లోపు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనో, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీయో చేస్తే బతికే అవకాశం పెరుగుతుంది, ఎంత ముందైతే అంత మేలు. కాబట్టి నొప్పి ఎప్పుడు మొదలైందో, ఆసుపత్రికి ఎన్నింటికి చేరారో రుజువు కావాలి. కాకినాడ కేస్‌షీటులో ముందురోజు సంగతంతా రాసి ఉండడం మాకు కలిసొచ్చింది. మీ నాన్నగారు ఇంట్లో పోయారు, పోస్టుమార్టం జరిగినట్టు మీరు రాయలేదు. జరగకపోతే చావుకి కారణం గుండెపోటేనా అని వాదిస్తారు. 108 వాళ్లు వచ్చి ఉంటే ఆ రికార్డు, పాత షుగరు బీపీ రిపోర్టులు, ఆ రాత్రి చేసిన ఫోన్ల సమయాలు అన్నీ తీసి పెట్టండి. ప్రతి కేసుకీ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మీ కేసుకి కార్డియాలజిస్టు లేఖ ఒకటి ఉండాలనే నేనంటాను. దగ్గర్లోని డాక్టర్లు తోటివాళ్ల మీద రాయడానికి వెనకాడతారు, రిటైరైన ప్రొఫెసర్లను అడిగి చూడండి.

వేరేచోట ఈసీజీ ఏదైనా తీసి ఉంటే ఈరోజే ఫొటో తీసి, జిరాక్సు కూడా తీయించండి. ఆ ఎర్రగళ్ల కాగితం ఎండ తగిలినా ప్లాస్టిక్ కవర్లో పెట్టినా గీతలు వెలిసిపోతాయి.

1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి మీదైతే ఈ దారి లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వెయ్యొచ్చు, మీ అమ్మగారు వారసురాలిగా వెయ్యొచ్చు. జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో దేనికి వెళ్లాలన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి. అది 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు.

పోలీసు కేసు జోలికి తొందరపడి వెళ్లొద్దు. క్రిమినల్ కేసుకి ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి, ముందు వేరే డాక్టరు అభిప్రాయం తెప్పించాలి. మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తే డాక్టరు మీద చర్య ఉండొచ్చు గానీ పరిహారం రాదు.

వాయిదాలకు ఓపిక కావాలి. మాకు అనుకూలంగా ఆర్డరు వచ్చాక ఆసుపత్రి వాళ్లు అప్పీలుకి వెళ్లారు. అప్పీలు చెయ్యాలంటే సగం సొమ్ము ముందు కట్టాలి గనక కొంత కాలానికి రాజీకి వచ్చారు. అత్తయ్యకి ఆ డబ్బుకంటే, తప్పు జరిగిందని ఆర్డరులో రాసి ఉండడమే ముఖ్యం. ఆ పేజీ చదివించుకుని వింది.

గడువు రెండేళ్లు. ముందుగా నర్సింగ్‌హోమ్‌కి రికార్డుల నకళ్లు ఇమ్మని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. ఓపీ చీటీ చేతికొచ్చాక పేర్లు తీసేసి అందులో ఏముందో రాయండి, నాకు తెలిసినంతలో చూసి చెబుతాను.