టెక్ సందేహాలు: గోడ మూయకముందే ఫొటో తీయండి

ప్రశ్న: వైజాగ్ సీతమ్మధారలో నాన్నగారి పాత ఫ్లాట్ ఉందండి. వంటిల్లు, బాత్రూములు, వైరింగ్ మార్పిద్దామనుకుంటున్నాం. ఇలాంటి పని పెట్టుకోవడం ఇదే మొదటిసారి. కొలతలకీ, ప్లాన్ గీసుకోవడానికీ, ఖర్చు రాసుకోవడానికీ పనికొచ్చే మంచి యాప్ ఏదైనా చెబుతారా?

జవాబు: మూడింటికీ ఒకే యాప్ వెతక్కండి. ఫోన్ కెమెరాతో కొలిచే యాప్‌లు సోఫా పడుతుందో లేదో చూసుకోవడానికి సరిపోతాయి. వంటింటి గట్టుకి ఆ కొలతే ఇచ్చారంటే మాత్రం కార్పెంటర్ తిట్టుకుంటాడు. లేజర్ మీటర్ సుమారు రెండు వేలకు దొరుకుతుంది, మిల్లీమీటర్లలో చెబుతుంది. అంత ఎందుకనుకుంటే స్టీల్ టేపే నయం. పాత గోడలు తిన్నగా ఉంటాయన్న నమ్మకం లేదు కాబట్టి నేల దగ్గర, నడుము ఎత్తులో, పైన కూడా కొలవండి. గది ఒక మూల నుంచి ఎదురు మూలకి ఐమూలగా, రెండు వైపులా టేపు లాగండి. ఆ రెండు కొలతలూ ఒకటి కాకపోతే గది మూలమట్టానికి లేదన్నమాట. టైల్స్ మేస్త్రీకి ముందే చెప్పారంటే వంకర ముక్కలు బీరువా వెనక్కి పోయేలా వేస్తాడు.

ప్లాన్‌కి స్వీట్ హోమ్ 3డీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితమే, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. త్రీడీ బొమ్మ చూసి మురిసిపోకండి. బాత్రూము తలుపు తెరిస్తే వాష్‌బేసిన్‌కి తగులుతుందా వంటి తంటాలు కాగితం మీదే తేల్చుకోవడానికి అది.

ఖర్చుకి గూగుల్ షీట్స్. తేదీ, ఎవరికి, దేనికి, ఒప్పుకున్నది, ఇచ్చింది, ఇంకా ఇవ్వాల్సింది. ఇంతకు మించి గడులు పెడితే వారం తిరిగేసరికి రాయడం మానేస్తారు. షీటు ఇంట్లోవాళ్లతో షేర్ చేసి పెట్టుకోండి. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు నోట్ దగ్గర ‘బాత్రూము ప్లంబింగ్, రెండో విడత’ అని రాయండి. మేస్త్రీ “అడ్వాన్స్ ఇంకా రావాలి సార్” అన్నప్పుడు వాదన ఉండదు, ఫోన్ చూపిస్తే సరి.

మీరు అడగనిదొకటి చెప్తాను, ఈ పై యాప్‌లన్నిటికన్నా అదే ముఖ్యం. గోడకి గాడి కొట్టి పైపులు, వైర్లు వేశాక, సిమెంటు పూయకముందు ఒక పూట పని ఆపించండి. టేపు ఒక చివర నేలకి ఆనించి, గోడ వెంట పైకి లాగి, అంకెలు కనపడేలా ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. తర్వాత అదే టేపు మూల నుంచి అడ్డంగా పెట్టి ఇంకోటి. ప్రతి గోడకీ ఇంతే. ‘వంటిల్లు, సింకు గోడ’ అని పేరు పెట్టి గూగుల్ డ్రైవ్‌లో దాచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి అంకెలు చదవలేం, డాక్యుమెంట్‌గా పంపండి. రెండేళ్ల తర్వాత టీవీ బిగించడానికి డ్రిల్ పట్టుకొచ్చిన కుర్రాడు “ఇక్కడ పైపేమైనా ఉందా సార్?” అనడిగితే జవాబు మీ ఫోన్‌లో ఉంటుంది.

ప్రశ్న: గోడలు తవ్వించి వైరింగ్ మారుస్తున్నాం. ఫోన్‌తో వేసి ఆపే స్మార్ట్ స్విచ్‌లు పెట్టిద్దామంటే, బోర్డుల్లో న్యూట్రల్ తీగ లేదు, కుదరదంటున్నాడు ఎలక్ట్రీషియన్. నిజమేనా? (మర్రిపాలెం)

జవాబు: చాలా రకాల స్విచ్‌ల విషయంలో నిజమే. లైటు ఆపేసినా వై-ఫై కోసం ఆ స్విచ్ మేలుకునే ఉండాలి. దానికి కరెంటు అందాలంటే కరెంటు తెచ్చే ఫేజు తీగతోపాటు, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ కూడా కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో ఎలాగూ ఉంటుంది, ఉత్త స్విచ్‌లే ఉన్న పాత బోర్డుల్లోనే ఉండకపోవచ్చు. న్యూట్రల్ అక్కర్లేని రకాలూ వస్తున్నాయి గానీ, చిన్న ఎల్‌ఈడీ బల్బు ఆపినా సన్నగా వెలుగుతుండటం, మినుకుమినుకుమనడం వాటితో ఉన్న చిక్కు. గోడలు ఎలాగూ తవ్విస్తున్నారు కాబట్టి ప్రతి బాక్సుకీ న్యూట్రల్ లాగించండి, బాక్సులు లోతైనవి వేయించండి. స్విచ్‌లు ఇప్పుడే కొనకపోయినా నష్టం లేదు. అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వైరు కోసం మళ్లీ గోడ పగలగొట్టలేం. గీజరు, ఏసీలకు మాత్రం 16 ఆంపియర్ల పాయింటే ఉండాలి, చవక స్మార్ట్ ప్లగ్గులు పెట్టకండి. బాత్రూము లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే స్విచ్) ఉందో లేదో అడగండి. లేకపోతే స్మార్ట్ స్విచ్ డబ్బు ముందు దానికి పెట్టండి.

ప్రశ్న: రౌటర్ గుమ్మం దగ్గర ఉంది, వెనక బెడ్‌రూములో సిగ్నల్ రాదు. రిపేర్లలో ఏం చేయించాలి? (ఎంవీపీ కాలనీ)

జవాబు: గుమ్మం దగ్గర నుంచి హాలు మధ్యకీ, ప్రతి గదికీ ఒక ఖాళీ పైపు వేయించి, తర్వాత కేబుల్ లాగడానికి లోపల లాగుడు తీగ ఉంచమనండి. అప్పుడు రౌటర్‌ని హాలు మధ్యకి మార్చుకోవచ్చు, వెనక గదికి కేబుల్‌తోనే ఇంటర్నెట్ అందించవచ్చు. కరెంటు వైర్లున్న పైపులో ల్యాన్ (ఇంటర్నెట్) కేబుల్ కలపనివ్వకండి. కేబుల్ క్యాట్ 6 రకం, అసలు రాగిది తీసుకోండి. తీగ కొస కోసి చూస్తే లోపల తెల్లగా ఉందంటే అది రాగి పూత పూసిన అల్యూమినియం.

ప్రశ్న: బీచ్ రోడ్డు పక్కనే ఇల్లు. తలుపుకి స్మార్ట్ లాక్, బయట కెమెరా మన్నుతాయా?

జవాబు: పెట్టె మీద ఐపీ65 అని చూసి నిశ్చింతగా ఉండకండి. అది దుమ్ముకీ నీటి జల్లుకీ సంబంధించిన లెక్క, ఉప్పుగాలికి కాదు. కెమెరా చూరు కింద పెట్టించి, కనెక్టర్లు మూతున్న బాక్సులోకి వెళ్లేలా చూడండి, మరలు స్టెయిన్‌లెస్ స్టీల్ 316 రకం అడగండి. లాక్ మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునేదే కొనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్లూ పలకలేదు. అలాంటప్పుడు లాక్ బ్యాటరీ కూడా అయిపోతే ఆ తాళంచెవే దిక్కు. దాన్ని ఇంటి లోపల దాచకండి.